బోర్డు ఎక్కడుంటే కేంద్రం అక్కడ

మా గుండ్లసముద్రం కోర్టు ఆవరణలో ఉచిత న్యాయ సహాయ కేంద్రం ఒకటి ఉండేది. గేటు దాటగానే ఎడమచేతి వైపు, బాదంచెట్టు పక్కన, ఆకుపచ్చ తలుపు. లోపల బల్ల ఉండేది, మూడు కుర్చీలుండేవి, తిరిగే ఫ్యాను ఉండేది, నిర్వహణాధికారి చక్రధరరావు గారు ఉండేవారు. ఇన్ని ఉన్నా పదకొండు నెలల పాటు ఆ కేంద్రం అక్కడ లేదు. ఎలా లేదో చెప్పాలంటే కాస్త ఓపిక కావాలి. నాకుంది. కోర్టు గేటుకి ఎదురుగా పంతొమ్మిదేళ్ళ నుంచి జిరాక్సు షాపు నడుపుతున్న మనిషికి ఓపిక లేకపోతే ఎలా?

నా పేరు ఎస్తేరు. కోర్టుకొచ్చే వాళ్ళంతా ముందు నా దగ్గరికే వస్తారు. అమ్మా, బెయిలు కాగితం ఎక్కడిస్తారు? అమ్మా, జడ్జి గారు ఎటువైపు కూర్చుంటారు? అమ్మా, ఇక్కడ మరుగుదొడ్డి ఉందా? మొదటి రెండింటికీ జవాబు చెబుతాను. మూడోదానికి చెప్పడానికేమీ లేదు.

ఎక్కడో దూరపు ఊళ్ళో ఎవడో ఘనుడు షామియానా వేసి, గుడ్డ బ్యానరు కట్టి, ఇదే ఉచిత న్యాయ సహాయ కేంద్రం అని జనాన్ని మోసం చేశాడట. దాంతో పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. 'ఆమోదిత కొలతలు కలిగిన ఇనుప నామఫలకము లేని ఏ ప్రదేశమందును న్యాయ సహాయము అందించరాదు. అట్లు అందించినచో అది సహాయముగా పరిగణింపబడదు.' ఆ కాగితం నలభై కాపీలు నా షాపులోనే తీశారు. తీస్తూ తీస్తూ చదివి నవ్వుకున్నాను. నవ్వినందుకు తర్వాత ఎంత బాధపడ్డానో ఆ యేసయ్యకే తెలుసు.

ఎందుకంటే అప్పటికి మా కేంద్రానికి బోర్డు లేదు. తలుపు పైన నాలుగు మేకులు మాత్రం ఉన్నాయి.

బోర్డు ఏమైందో నాకు తెలుసు. ఆ సర్క్యులర్ రావడానికి సరిగ్గా రెండు వారాల ముందు, పట్టపగలు పదకొండు గంటలకు, కేంద్రం బంట్రోతు గురవయ్య గేటు దగ్గర నిలబడి పాత సామాను కొనే కాశింపీరాను కేకేశాడు.

"ఒరే పీరా, ఈ బోర్డు తుప్పు పట్టిందంట. మా సారు తీసెయ్యమన్నాడు. తూకమేసుకుని పట్టకపో."

పట్టుకుపొమ్మనడమే కాదు, తూకం డబ్బులు జేబులో వేసుకుని, బండిలోకి ఎత్తడానికి తనూ ఒక చెయ్యి వేశాడు. మూడు చక్రాల తొక్కుడు బండి మీద ఆ బోర్డు దర్జాగా నా షాపు ముందు నుంచే పోయింది. సర్క్యులర్ వచ్చాక, పైనుంచి తనిఖీకి వస్తున్నారని కబురు తెలిశాక, చక్రధరరావు గారు తలెత్తి నాలుగు మేకులు చూశారు. ఆ సాయంత్రమే పోలీసులకు ఫిర్యాదు పోయింది. గుర్తు తెలియని దుండగులు నామఫలకమును అపహరించినారని. దుండగుణ్ణి గుర్తుపట్టడానికి పోలీసులకు అరగంట పట్టింది, అందులో ఇరవై నిమిషాలు టీ. కాశింపీరా ఇంటి ముందు వేపమొద్దుకి ఆనించి ఉంది బోర్డు. మందంగా ఉండి కోతకు లొంగలేదట. బోర్డుతో పాటు, దాన్ని మోసిన పాపానికి బండినీ పట్టుకుపోయి కోర్టు ముద్దెమాలు గదిలో పడేశారు. కేసుల్లో పట్టుకున్న సరుకంతా దాచే గది అది. ఆ వారమే గురవయ్యకు వేరే ఊరు బదిలీ అయింది.

నేను ఊరుకున్నాననుకునేరు. స్టేషనుకి పోయి, నా కళ్ళతో చూశాను, రాసుకోండి అన్నాను.

అక్కడి రైటరు కాగితం మీంచి తల కూడా ఎత్తలేదు. "నువ్వు ముద్దాయి తరఫు సాక్షివమ్మా. నిన్ను పిలవాల్సింది ముద్దాయి లాయరు. ముందు లాయర్ని తెచ్చుకోమను."

సరే, లాయరు. అక్కడ మొదలైంది అసలు పీడ.

కాశింపీరాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పదిహేనేళ్ళ వయసు నుంచి ఆ బండి తొక్కుతున్నాడు. బండికి నీలం రంగు తనే వేసుకున్నాడు, హ్యాండిలుకి రెండు ప్లాస్టిక్ పూలు కూడా కట్టాడు. బండి పోయాక భుజాన గోతాం వేసుకుని నడిచి తిరిగేవాడు. గోతాంలో ఎంత పడుతుంది? పట్టినా వేసేవాళ్ళేరీ? ఇన్నేళ్ళుగా చిల్లులు పడ్డ బిందెలు పిలిచి మరీ ఇచ్చిన వీధుల్లోనే, వాణ్ణి చూడగానే ఆడవాళ్ళు అరుగుల మీది గిన్నెలు లోపల పెట్టడం మొదలుపెట్టారు.

"అదిగో బోర్డు దొంగ వచ్చాడు. లోపలికి తీయండే."

ఒకరోజు నా షాపు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. "బండి లేకపోతే కాళ్ళు లేనట్టే అక్కా. అదన్నా ఓర్చుకుంటా. నన్ను చూసి బిందెలు దాస్తా ఉండారే, అదే తట్టుకోలేకుండా ఉండా." కోర్టు ముందు ఇన్నేళ్ళున్నాను, దొంగల్ని చూశాను, దొరల్ని చూశాను. ఇలా ఏడ్చే దొంగను మాత్రం చూడలేదు.

మేజిస్ట్రేటు గారు కొత్తగా వచ్చినావిడ. వయసు చిన్న, మాట తక్కువ. కేసు పిలిచారు.

"లాయరు ఉన్నారా?"

"లేరు మేడం."

"లాయరు లేకుండా నీ మీద సాక్షుల్ని విచారించడం కుదరదు. నీకు ఉచితంగా ఇస్తారు. సహాయ కేంద్రానికి వెళ్ళి అడుగు. వాయిదా."

నేను షాపుకి గొళ్ళెం పెట్టి వాడితో పాటు వెళ్ళాను. ఆకుపచ్చ తలుపు బార్లా తీసే ఉంది. చక్రధరరావు గారు బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఈయన సంగతి చెప్పాలి. మనిషి మాట్లాడడు, జారీ చేస్తాడు. టీ కావాలన్నా 'తేనీరు విషయమై పురోగతి ఏమైనా కలదా' అంటాడు.

"సార్, లాయరు కావాల," అన్నాడు కాశింపీరా.

"ఎక్కడికి వచ్చితివి?"

"కేంద్రానికి సార్."

"ఇది కేంద్రము కాదు. నీవు చూచుచున్నది గది. గదిలో అధికారి కలడు. కేంద్రము లేదు."

"మరి కేంద్రం యాడుంది సార్?"

"నామఫలకము ఉన్నచోట ఉండును. అది ఎక్కడ కలదు?"

"ముద్దెమాలు గదిలో సార్."

"అక్కడికి ఎవరి కారణముగా చేరినది?"

కాశింపీరా తల దించుకున్నాడు. "నా కారణంగానేనంట సార్."

"నీ కారణముగా మూతపడిన కేంద్రము నుండి నీవే సహాయము కోరుట!" చక్రధరరావు గారు నిజంగానే నొచ్చుకున్నారు. "ఏమి కాలము వచ్చినదమ్మా ఎస్తేరూ!"

నాకు ఒళ్ళు మండింది. "సార్, కేసు తేలితేగాని బోర్డు బయటికి రాదు. లాయరుంటేగాని కేసు తేలదు. బోర్డుంటేగాని లాయర్నివ్వరు. వీడు ఏ కాలు ముందు పెట్టాలో మీరే చెప్పండి."

"రెండు కాళ్ళు కూడబెట్టి వేచియుండవలెను," అన్నారాయన.

మరి కొత్త బోర్డు చేయించవచ్చు కదా అని మీకు తోచింది చూడండి, అది నాకూ తోచింది. ఆయనతో అర్జీ రాయించాను. రెండు నెలలకు జిల్లా నుంచి జవాబు వచ్చింది. 'సదరు నామఫలకము పోయినట్లు ఫిర్యాదు ఉన్నప్పటికిని, దొరికినట్లు కూడా నివేదిక ఉన్నది. దొరికిన వస్తువునకు బదులు వస్తువు మంజూరు చేయబడదు. మొదటిది పూర్తిగా నాశనమైనట్లు ధ్రువపత్రము జతపరచినచో పరిశీలింపబడును.' ముద్దెమాలు గదిలో భద్రంగా ఉన్న బోర్డును నాశనం చేస్తే అది ఇంకో కేసు. ఆ కేసుకి ఇంకో లాయరు కావాలి.

ఈలోగా వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. వాడు రావడం, లాయరేడీ అనడం, లేడనడం. ఎనిమిదో వాయిదా నాటికి చక్రధరరావు గారికి ఒక ఆలోచన మెరిసింది.

"అసలు లేనప్పుడు నకలు చెల్లునుగదా! నామఫలకమునకు నకలు తీయుము ఎస్తేరూ."

ఆరడుగుల బోర్డుకి జిరాక్సు! నేను తమాషా అనుకున్నాను. ఆయన తమాషా చేసే మనిషి కాదు. మేజిస్ట్రేటు గారి అనుమతి తీసుకుని ముద్దెమాలు గది గుమ్మంలో నిలబడి ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీశాను. షాపుకొచ్చి యాభై నాలుగు కాగితాల మీద అచ్చు వేశాను. ఒక కాగితం మీద సగం 'ఉ', ఇంకో కాగితం మీద ఉత్త తుప్పు. తుప్పు కాగితంతో సహా ఒక్కోదాని మీదా 'అసలుకు సరియైన నకలు' అని గెజిటెడ్ అధికారి చేత సంతకం పెట్టించి, అన్నీ అతికించి, నాలుగు మేకులకూ తగిలించారు. దూరం నుంచి చూస్తే బోర్డుకి ఆటలమ్మ పోసినట్టుంది.

ఇంత చేశాక జిల్లాను అడిగితే వారంలోనే జవాబు. 'నకలు నామఫలకము ఉన్నచోట నకలు సహాయము మాత్రమే అందించవచ్చును.'

చక్రధరరావు గారు దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. కేంద్రం జాబితాలో ఉన్న లాయరు సుభాషిణి గారి గుర్తింపు కార్డు తెప్పించారు. నా షాపులో కాపీ తీయించారు. ఆ కాపీ కాశింపీరా చేతిలో పెట్టి రిజిస్టరులో వేలిముద్ర వేయించుకున్నారు. తర్వాతి వాయిదాకు వాడు దాన్ని మడత పడకుండా అట్టలో పెట్టుకుని మరీ పోయాడు.

"లాయరు ఉన్నారా?" అడిగారు మేజిస్ట్రేటు గారు.

"ఉండారు మేడం," అని కాగితం అందించాడు.

ఆవిడ కాగితం చూశారు. వాణ్ణి చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ కాగితం చూశారు.

"ఈవిడ మాట్లాడతారా?"

"నకలు మేడం. మాట్టాడదు."

హాల్లో అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. వాయిదా పడింది. బయటికొచ్చాక ఆ కాగితం నాకే ఇచ్చి, "ఇది నీకాడ పెట్టుకో అక్కా, నా చేతిలో ఉంటే ఇది కూడా దొంగిలించినానంటారు" అన్నాడు. ఆ మాటతో నాకు నవ్వూ పోయింది, ఓపికా పోయింది.

నేరుగా ఆకుపచ్చ తలుపు దగ్గరికి పోయి అరిచాను. "బోర్డు మీ దగ్గరికి రాకపోతే మీరే బోర్డు దగ్గరికి పొండి సార్! బల్లా కుర్చీలూ మోసుకుని ఆ ముద్దెమాలు గదిలోనే కూర్చోండి! పీడా పోతుంది!"

తిట్టాననుకున్నాను నేను. చక్రధరరావు గారి ముఖం వెలిగిపోయింది. అప్పటికప్పుడు కాగితం తీసి, తనకే పుట్టిన ఆలోచనలా జిల్లాకు రాసేశారు. సేవ స్థలమును బట్టి గాక ఫలకమును బట్టి నడచునని, ఫలకమే కేంద్రమని, గోడలు మిథ్య అని నాలుగు పేజీలు. జిల్లా వాళ్ళకు అది ఎంత నచ్చిందంటే, ఏకంగా కొత్త సర్క్యులరే తీశారు. 'నామఫలకము ఎచ్చట నుండునో కేంద్రము అచ్చటనే యుండును. నిర్వహణాధికారియు, న్యాయవాదియు పనివేళలలో నామఫలకమును వీడి ఉండరాదు.' అడుగున, ఈ విధానమును రూపొందించిన శ్రీ చక్రధరరావు అభినందనీయులు అని కూడా వేశారు. దానికి ఆయన నా చేత రంగుల కాపీలు తీయించుకున్నారు.

మేజిస్ట్రేటు గారు కూడా కాదనలేదు. "మీ వస్తువు మీరు చూసుకోండి. నిలబడి చూస్తారో, కూర్చుని చూస్తారో మీ ఇష్టం. బాలస్వామి ముందు జరగాలి."

బాలస్వామి ముద్దెమాలు గదికి గుమస్తా. రిజిస్టరే అతని దేవుడు. ఆ గదికి ఒక తలుపు, ఇనుప ఊచల కిటికీ. మర్నాడు పదకొండు గంటలకు బల్లా కుర్చీలూ లోపలికి చేరాయి. చక్రధరరావు గారు లోపల నిలబడి ఎర్ర రిబ్బను కత్తిరించుకున్నారు. ఒకవైపు నాటుసారా డబ్బాలు, ఇంకోవైపు కోడిపందేల కత్తులు, మధ్యలో మా కేంద్రం. మూలన నీలం బండి. వెనక చెక్కను చెదలు తినేశాయి, ప్లాస్టిక్ పూలు మాత్రం అలాగే ఉన్నాయి.

ముద్దాయి ముద్దెమాలు గదిలోకి రాకూడదు కాబట్టి కాశింపీరా బయట కిటికీ దగ్గర నిలబడ్డాడు. అధికారీ లాయరూ ఊచల వెనక, ముద్దాయి ఆరుబయట. దారిన పోయే ముసలాయన ఒకడు ఆగి, ఊచల లోపలున్న చక్రధరరావు గారిని జాలిగా చూసి, "ఏం చేశాడమ్మా పాపం, చూస్తే పెద్దమనిషి లాగుండాడే" అని నన్ను అడిగాడు.

సుభాషిణి గారు చురుకైన పిల్ల. నియామక పత్రం మీద సంతకం పెట్టి, ఇంకు ఆరకముందే ఊచల దగ్గరికి వచ్చింది.

"బోర్డు నీకెవరిచ్చారు?"

"బంట్రోతు గురవయ్య పిలిచి ఇచ్చాడమ్మా."

"సార్ తీసెయ్యమన్నారని ఏమైనా కాగితం చూపించాడా?"

"కాగితం లేదమ్మా. ఎనక రాసుంది, పో అన్నాడు. నాకు చదువు రాదు, నేను చూళ్ళేదు."

ఆ పిల్ల గిరుక్కున తిరిగింది. పదకొండు నెలలుగా బోర్డు గోడకి ఆనించి ఉంది, ముఖం మనవైపు, వీపు గోడవైపు. నేను యాభై నాలుగు ఫోటోలు తీశానే, ఒక్కటి వెనకవైపు తీయాలని నాకు తోచిందా? ఛీ, ఏం తెలివి నాది!

"బోర్డు తిప్పాలి," అంది సుభాషిణి.

చక్రధరరావు గారు కుర్చీ విరిగేలా లేచారు. "ఫలకమునకు ముందుభాగము మాత్రమే అధికారికము! వెనుకభాగము పరిశీలించుటకు నిబంధన లేదు!"

"బాలస్వామి గారూ, ముద్దాయి లాయరుకి ముద్దెమాలు పరిశీలించే హక్కు ఉందా?"

బాలస్వామి ఆలోచించాడు. "ఉందమ్మా. నా ముందు చూడాల."

సుభాషిణీ బాలస్వామీ పట్టి తిప్పారు. వెనక ఎర్ర పెయింటుతో, ఆఫీసుల్లో విరిగిన కుర్చీల మీద రాస్తారే, అలా రాసి ఉంది. 'నిరుపయోగము. తొలగించి అమ్మివేయవచ్చును.' కింద తేదీ. ఆ కింద చక్రధరరావు గారి సంతకం, పొడుగాటి తోకతో సహా.

నేను కిటికీలోంచి చూసి ఒక్క కేక పెట్టాను. కాశింపీరా ఊచలు పట్టుకుని, "ఏముందక్కా, ఏముంది, చెప్పవే" అంటున్నాడు. చదివి వినిపించాను. వాడు ఊచలకి నుదురు ఆనించి నిలబడిపోయాడు.

చక్రధరరావు గారు మాత్రం జేబురుమాలు తీసి, తుప్పు తుడుస్తానంటూ ఆ సంతకం వైపు నడిచారు. సరిగ్గా అప్పుడే భోజనాల గంట కొట్టింది. బాలస్వామి గుమ్మంలోకి పోయి, రోజూ చేసినట్టే గదిలో ఉన్నవన్నీ లెక్కపెట్టుకుంటూ రిజిస్టరులోకి ఎక్కించాడు. పైకి చదువుతూ రాయడం అతనికి అలవాటు.

"ఇనుప బోర్డు, ఒకటి. మూడు చక్రాల బండి, ఒకటి. బల్ల, ఒకటి. కుర్చీలు, మూడు. అధికారి, ఒకటి, పాతది. లాయరు, ఒకటి, కొత్తది."

రాసేసి బయటికి వచ్చి తాళం వేశాడు.

"ఏమయ్యా! మేము లోపల ఉన్నాము!" అరిచారు చక్రధరరావు గారు.

"తెలుసు సార్. ఎక్కించినా. ఎక్కిన వస్తువు కోర్టు ఆర్డరు లేకుండా గడప దాటకూడదు."

"కొట్టివేయుము!"

"ఈ రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదు సార్. పోయినేడు ఒక సారా డబ్బా కొట్టేస్తే నాకు మెమో ఇచ్చినారు. అయినా సార్, ఆ రుమాలు లోపల పెట్టండి. ఒక వస్తువు ఇంకో వస్తువుని తాకకూడదు."

చక్రధరరావు గారి ఇంటినుంచి క్యారియరు వచ్చింది. అది లోపలికి పోవాలంటే రిజిస్టరులో ఎక్కాలి, ఎక్కితే మళ్ళీ బయటికి రాదు. అందుకని క్యారియరు తెచ్చినవాడు దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, వాసన మాత్రం లోపలికి పోనిచ్చాడు. గుత్తివంకాయ. సుభాషిణి బల్ల మీద కూర్చుని నవ్వుతూ కేసు నోట్సు రాసుకుంటోంది. నవ్వు ఆపుకోలేక మధ్యలో పెన్ను కింద పడేసుకుంది.

మధ్యాహ్నం కోర్టు కూర్చుని, అన్నీ హాల్లోకి తెమ్మని ఆర్డరు వేయగానే బాలస్వామి రిజిస్టరు, దాని వెనక బోర్డు, దాని వెనక సుభాషిణి, ఆ వెనక చక్రధరరావు గారు వరసగా హాల్లోకి వచ్చారు. మేజిస్ట్రేటు గారు రిజిస్టరు చదివారు. పెదవి కూడా కదల్లేదు.

"ముద్దాయి లాయరు?"

"నేనే మేడం," అంది సుభాషిణి. "ఈసారి అసలు. బోర్డు వెనకవైపు చూడాలని మనవి."

బోర్డు తిప్పారు. ఆవిడ చదివారు. ఫిర్యాదు కాగితం తీసి తేదీలు పక్కపక్కన పెట్టుకున్నారు. తర్వాత నన్ను పిలిపించారు. పదకొండు నెలలుగా గొంతులో ఆగిపోయి ఉన్న మాట ఒక్క నిమిషంలో చెప్పేశాను. పట్టపగలు, గురవయ్య పిలిచాడు, తనూ చెయ్యి వేసి ఎత్తాడు.

"చక్రధరరావు గారూ, ఈ సంతకం మీదేనా?" అడిగారు మేజిస్ట్రేటు గారు.

బాలస్వామి లేచి చేతులు కట్టుకున్నాడు. "మేడం, క్షమించాల. ఆయన రిజిస్టరులో వస్తువు. వస్తువు సాక్ష్యం చెప్పగూడదు."

"అయితే ముందు విడుదల చేద్దాం. లాయరు తనను తానే క్లెయిం చేసుకుంటోంది, ఆవిడ పోవచ్చు. ఈ రెండో వస్తువు తమదని ఎవరైనా క్లెయిం చేస్తున్నారా?"

కేంద్రం కొత్త బంట్రోతు గోడ వైపు చూశాడు. ఫిర్యాదు తీసుకున్న ఎస్సై గారు టోపీ లోపలికి చూసుకున్నారు. చక్రధరరావు గారు అటూ ఇటూ తిరిగి చూశారు. ఎవరూ లేరు. ఆ క్షణంలో నాక్కూడా ఆయన మీద జాలేసింది, అబద్ధమెందుకు.

వెనక వరసలోంచి కాశింపీరా చెయ్యెత్తాడు.

"నేను తీసుకుంటా మేడం. పాత సామాను కొనేవాణ్ణే గదా."

మేజిస్ట్రేటు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడుచుకున్నారు. చివరికి, కాశింపీరా వేలిముద్ర తీసుకుని వస్తువును అప్పగించమన్నారు. విడుదలైన చక్రధరరావు గారు బోను ఎక్కి, "సంతకము నాదిగానే కనబడుచున్నది" అని సెలవిచ్చారు.

కేసు కొట్టేశారు. తప్పుడు ఫిర్యాదు ఎందుకు పెట్టారో చెప్పమని చక్రధరరావు గారికి నోటీసు ఇచ్చారు, అది వేరే నడుస్తోంది. బోర్డును ఆయనే అమ్మమన్నాడు, కాశింపీరా కొన్నాడు, కాబట్టి అది కాశింపీరాదే అన్నారు. బండి కూడా వాడిదే. వాడు మూలనున్న బండిని తోసుకుంటూ బయటికి తెచ్చి, పూల మీది దుమ్ము చొక్కాతో తుడిచి, నా షాపు ముందు ఆపి మళ్ళీ ఏడ్చాడు. ఈసారి నేనూ ఏడ్చాను.

అక్కడితో అయిపోవాలి. కానీ బండి వెనక చెక్కను చెదలు తినేశాయి కదా. కొత్త చెక్క ఎందుకని వాడు బోర్డునే బండి వెనక నిలువుగా బిగించేశాడు, అక్షరాలు బయటికి కనపడేట్టు. మర్నాడు తొమ్మిదింటికి వీధిలోకి పోబోతుంటే చక్రధరరావు గారు రొప్పుతూ వచ్చి హ్యాండిలు పట్టుకున్నారు.

"ఫలకము ఎక్కడికి పోవుచున్నది?"

"పాత ఇనుముకి సార్."

"మరి నేను?"

సుభాషిణి సంచి బండిలో పెట్టి ఎక్కి కూర్చుంది. "సర్క్యులర్ మీరే రాయించారు సార్. బోర్డు ఎక్కడుంటే కేంద్రం అక్కడ. పనివేళల్లో మనం దాన్ని వదలకూడదు."

ఆ రోజు నుంచీ మా కేంద్రం పొద్దున తొమ్మిదింటికి నా షాపు ముందు నుంచి బయల్దేరుతుంది. కాశింపీరా తొక్కుతాడు, లాయరమ్మ కూర్చుంటుంది, చక్రధరరావు గారు హాజరు పట్టీ చంకన పెట్టుకుని వెనక నడుస్తారు. కోర్టు మొహం చూడని పల్లెలన్నీ తిరుగుతుంది. పోయిన వారం మంగళగుంట కాలనీలో, నిరుడు వాణ్ణి చూసి బిందె లోపల పెట్టినావిడే ఎదురొచ్చి బండి ఆపింది. చొట్ట బిందె వాడి చేతికిచ్చింది, కొడుకు మీద వచ్చిన సమను లాయరమ్మకి ఇచ్చింది. "పీరా, పదకొండు నెలలు నోరు పారేసుకున్నాను నాయనా" అందట. వాడు బిందె తూకం వేస్తూ, "పోనీలే పిన్నీ" అన్నాడట.

అరిచీ అరిచీ కాశింపీరాకు గొంతు పోయింది. కేంద్రం గురించి ప్రచారం చేయడం నిర్వహణాధికారి విధి అని సర్క్యులర్ మూడో పేజీలో ఉంది, నేనే వెతికి పెట్టాను. ఇప్పుడు రోజూ పొద్దున షాపు తెరిచేసరికి వీధి మలుపులోంచి చక్రధరరావు గారి గొంతు వినిపిస్తుంది.

"పాత ఇనుము కొనబడును... చిల్లుల బిందెలు కొనబడును... కేసులున్నచో ఉచితముగా చూడబడును..."

మంచి గొంతు, పాపం. ఇన్నాళ్ళూ గదిలో పెట్టి పాడుచేశారు.